చూరు క్రింది భూతయజ్ఞం: గోదావరీ మండలంలో పక్షిభాగం

పుష్యమాసంలో సార్వా పంట కళ్ళం నుంచి ఇంటికి చేరే వేళ గోదావరీ మండలంలోని పల్లెలలో పెంకుటింటి చూరుకు ఒక వరికుచ్చు వ్రేలాడదీయడం తరతరాల ఆచారం. నిండుగా పండిన కంకులను ఏరి, వాటి గడ్డిని జడవలె అల్లి, గింజలు వెలుపలికి వ్రేలాడేటట్లు గుత్తిగా కట్టిన ఆ కుచ్చు ఊరపిచ్చుకల కోసం. కోనసీమలోనూ, డెల్టా పశ్చిమభాగంలోనూ ఈ ఆచారం గృహాలకే పరిమితం కాలేదు. దేవాలయాల ముఖమండపాలలో కూడా భక్తులు ఈ కుచ్చులను కట్టి వెళతారు. స్వామికి గర్భాలయంలో నైవేద్యం జరుగుతుంటే, మండపంలో ఆ స్వామి సృష్టిలోని అల్పప్రాణులకు మరొక నైవేద్యం జరుగుతూ ఉంటుంది.

అయితే ఆ కుచ్చును అల్లిన చేయే కొద్ది వారాల క్రితం పొలంలో వడిసెల త్రిప్పింది. వరి పాలుపోసుకునే దశ నుంచి కోత వరకు మంచె మీద కూర్చుండి, డబ్బా వాయిస్తూ, కేకలు వేస్తూ పిట్టలను తరిమినవాడూ ఆ రైతే. పంట ఇంటికి రాగానే ఆ పిట్టలనే పిలిచి చూరు క్రింద భోజనం పెట్టినవాడూ ఆ రైతే. ఈ రెండు కర్మలు పరస్పర విరుద్ధాలుగా కనిపిస్తాయి. పక్షి మీద ప్రేమ ఉన్నవాడు తరమడం ఎందుకు? పంట మీద లోభం ఉన్నవాడు మేలైన కంకులను ఏరి కట్టడం ఎందుకు? ఈ ప్రశ్నకు ‘జీవకారుణ్యం’ అనే ఒక్క పదం సమాధానం కాజాలదు. దానికి సమాధానం ‘భాగం’ అనే ప్రాచీన భావనలో ఉన్నది. ఆ భావన వేదకాలపు అగ్నిశాల నుంచి కోనసీమ పెంకుటింటి చూరు వరకు ప్రయాణించిన తీరు గమనింపదగినది.

శతపథ బ్రాహ్మణం, తైత్తిరీయ ఆరణ్యకం రెండూ గృహస్థునికి ఐదు మహాయజ్ఞాలను విధించాయి: దేవయజ్ఞం, పితృయజ్ఞం, భూతయజ్ఞం, మనుష్యయజ్ఞం, బ్రహ్మయజ్ఞం. ఇవి మహాయజ్ఞాలైనా వీటికి మహాసంభారాలు అక్కరలేదు. దేవయజ్ఞానికి ఒక సమిధ చాలు, పితృయజ్ఞానికి జలాంజలి చాలు, భూతయజ్ఞానికి పిడికెడు అన్నం చాలు. ప్రతిదినమూ జరగాలన్నదే నియమం. ఈ నిత్యత్వానికి మనుస్మృతి చెప్పిన హేతువు లోతైనది. గృహస్థుని ఇంట ఐదు హింసాస్థానాలు ఉన్నాయి: పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ. ఎంతటి సాధువైనా వీటిని వాడక తప్పదు, వాడితే సూక్ష్మప్రాణుల హాని తప్పదు. అందువల్ల బ్రతకడమే ఒక ఋణం. ఐదు యజ్ఞాలు ఆ ఋణానికి ప్రతిదినం చెల్లించే వాయిదాలు. ఈ దృష్టిలో పక్షికి పెట్టే మెతుకు దానం క్రిందికి రాదు. దాత ఔదార్యం చూపుతున్నాడన్న ధ్వని అందులో లేనే లేదు. బాకీ తీర్చేవాడికి గర్వం ఎక్కడిది?

‘బలి’ అనే శబ్దం నేడు పశువధను స్ఫురింపజేస్తున్నది గాని, గృహ్యకర్మలో దాని అర్థం సమర్పిత భాగం అనే. గోదావరీ తీరంలోని వైదిక కుటుంబాలలో అధికసంఖ్యాకులు కృష్ణయజుర్వేద తైత్తిరీయ శాఖకు, ఆపస్తంబ సూత్రానికి చెందినవారు. ఆపస్తంబ ధర్మసూత్రం వైశ్వదేవానంతరం బలులు ఉంచవలసిన స్థానాలను వరుసగా చెబుతుంది. అగ్ని వెనుక, నీటికుండ దగ్గర, ఇంటి మధ్యభాగంలో, శయ్య దగ్గర, గడప మీద. వీటిలో గడప మీది బలికి విధించిన మంత్రం అంతరిక్షాన్ని ఉద్దేశించినది. భూమికీ ద్యులోకానికీ నడుమ ఉన్న ఆ లోకం గాలికీ పక్షికీ సంచారస్థానం. ఇంటికీ బయలుకూ సంధి అయిన గడపను అంతరిక్షానికి కేటాయించిన సూత్రకారుని ఔచిత్యం మెచ్చదగినది. వరికుచ్చు వ్రేలాడేది కూడా ఆ గడప పైభాగాననే.

ఆపస్తంబుడు అంతటితో ఆగలేదు. వైశ్వదేవాన్నంలో అందరినీ భాగస్వాములను చేయాలని, శునకాల వరకు, సమాజం వెలివేసిన మనుష్యుల వరకు ఎవరినీ విడువరాదని విధించాడు. అక్కడ ఆయన వాడిన పదం ‘భాగి’. యాచకుడు అనో, దీనుడు అనో అనలేదు. యాచకునికి పెట్టకపోతే అది లోభం మాత్రమే. భాగికి పెట్టకపోతే అపహరణం అవుతుంది. భగవద్గీత తృతీయాధ్యాయం యజ్ఞచక్రాన్ని వివరిస్తూ, ఇచ్చినవారికి తిరిగి ఇవ్వక అనుభవించేవాడిని చోరుడని పిలవడం ఈ సంప్రదాయానికి అనుగుణంగానే ఉన్నది. ఆపస్తంబుడు ఆ ప్రకరణంలోనే మరొక కఠిన నియమం చేర్చాడు: అన్నం చాలకపోతే యజమాని తన భాగాన్ని, భార్యాపుత్రుల భాగాన్ని తగ్గించుకోవచ్చు, పనిచేసే సేవకుని భాగాన్ని మాత్రం తగ్గించరాదు. పిట్టలకు గింజలు చల్లి, పాలేరుకు కూలి ఎగవేసే గృహస్థుని పుణ్యం ఎంతటిదో దీన్నిబట్టి తేలుతుంది.

ఈ శాఖకూ పక్షులకూ మరొక సంబంధం ఉన్నది. ‘తైత్తిరీయం’ అన్న పేరే ఒక పక్షి పేరు. గురువైన వైశంపాయనుని ఆగ్రహానికి గురియై యాజ్ఞవల్క్యుడు తాను నేర్చిన యజుస్సులను వమనం చేయగా, సహాధ్యాయులు తిత్తిరి పక్షుల రూపం ధరించి వాటిని గ్రహించారని పురాణకథ. ఆ విద్యకే తైత్తిరీయమనే పేరు నిలిచింది. మనుష్యుడు విసర్జించినదాన్ని ఏరుకొని తినే పక్షిరూపంలోనే ఈ వేదం తమ వరకు వచ్చిందని కోనసీమ అగ్రహారాలలో పనసలు వల్లించిన ఘనపాఠులకు తెలుసు. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అన్నాన్ని నిందింపరాదని, అన్నాన్ని విస్తారంగా సమకూర్చుకోవాలని, ఇంటికి వచ్చిన వారినెవ్వరినీ త్రిప్పిపంపరాదని వ్రతాలు విధించింది. ‘ఎవ్వరినీ’ అన్నప్పుడు రెక్కలున్నవారిని మినహాయించలేదు.

పక్షిభాగాన్ని గురించి మాట్లాడేటప్పుడు కాకిని విడిచిపెట్టడం కుదరదు. గోదావరీ మండలంలో అత్యధికంగా అన్నం పెట్టబడే పక్షి కాకియే. రాజమహేంద్రవరంలోని కోటిలింగాల రేవులోనూ, పుష్కరాల రేవులోనూ పిండప్రదానం ముగిసిన తరువాత కర్త వాయసపిండం ఉంచి ఆకాశం వైపు చూస్తాడు. కాకి వాలేవరకు ఆ కుటుంబం నిలబడుతుంది. వాలడం ఆలస్యమైతే మృతుని తీరని కోరిక ఏదైనా మిగిలి ఉన్నదా అని బంధువులు తమలో తాము తర్కించుకోవడం, ఫలానా పని చేస్తామని మాట ఇవ్వడం ఈనాటికీ జరుగుతున్నది. దీనికి ఆధారమైన కథ శ్రీమద్రామాయణ ఉత్తరకాండలో ఉన్నది. మరుత్త మహారాజు యజ్ఞం చేస్తుండగా రావణుడు అక్కడికి వచ్చాడు. దేవతలు భయపడి తిర్యగ్రూపాలు ధరించారు. ఇంద్రుడు నెమలిగా, యముడు కాకిగా, కుబేరుడు తొండగా, వరుణుడు హంసగా మారారు. రావణుడు వెళ్ళిన తరువాత తమకు ఆశ్రయమిచ్చిన ఆ రూపాలకు దేవతలు వరాలిచ్చారు. మనుష్యులు కాకికి అన్నం పెడితే తన లోకంలో ఆకలితో ఉన్నవారు తృప్తి చెందుతారని యముడు అనుగ్రహించాడు.

ఈ కథలో దాగిన విశేషం ఒకటి తరచుగా మరుగున పడుతున్నది. కాకి గౌరవం పొందడానికి కారణం భయార్తుడైన దేవునికి అది తన రూపాన్ని అరువిచ్చిందన్నదే. అంటే ఇక్కడ కూడా మూలం ఋణమే. దేవత ఋణపడ్డాడు, మనుష్యుడు చెల్లిస్తున్నాడు. అయితే కాకిబలిలో స్వార్థం లేదనడం అసత్యమవుతుంది. పితరుల తృప్తి, తద్ద్వారా వంశక్షేమం కర్త కోరుకుంటాడు. కాకి ఆ కోరికకు వాహకం. పిండం పెట్టిన మరునాడు అదే కాకి వడియాల మీద వాలితే కర్ర పుచ్చుకొని తరిమేవారికి కొదువలేదు. బహుశా ఈ కారణం చేతనే శాస్త్రం పితృయజ్ఞాన్ని, భూతయజ్ఞాన్ని వేర్వేరుగా ఉంచింది. మనుస్మృతి తృతీయాధ్యాయం భూతబలిని చెబుతూ శునకాలను, రోగపీడితులను, కాకులను, క్రిమికీటకాలను పేర్కొని, వారి అన్నాన్ని నేల మీద మెల్లగా ఉంచాలని అంటుంది. విసిరివేయరాదు, మెల్లగా ఉంచాలి. అక్కడ కాకి పితరుల దూత కాదు, ఆకలిగొన్న ప్రాణి మాత్రమే.

ఇంతవరకు చెప్పినదంతా అగ్నిశాలకు, వండిన అన్నానికి సంబంధించినది. వరికుచ్చు వండని ధాన్యం. దానికి మంత్రం లేదు, పురోహితుడు లేడు, వర్ణాశ్రమ నియమం లేదు. పొలం ఉన్న రైతూ, పొలంలో కూలి చేసిన శ్రామికుడూ కట్టవచ్చు. దీని మూలం గృహ్యబలి కంటె ఆగ్రయణానికి దగ్గరగా ఉన్నది. క్రొత్త పంటను దేవతలకు సమర్పింపక ముందు గృహస్థుడు తినరాదన్న వైదిక విధికి ఆగ్రయణమని పేరు. సంక్రాంతినాటి క్రొత్త బియ్యపు పొంగలి ఆ విధికి నేటి రూపం. క్రొత్త పంటలో దేవతల భాగం పొంగలిగా పొయ్యి మీద ఉడుకుతుండగా, పక్షుల భాగం కుచ్చుగా చూరుకు చేరుతుంది. కళ్ళంలో ధాన్యరాశి దగ్గర ‘పొలి’ అని కేక వేస్తూ గ్రామదేవతలకు అన్నం చల్లే ఆచారం కూడా ఈ కోవలోనిదే; ‘బలి’ శబ్దాన్ని తలపించే ఆ కేకలో శ్రుతి, జానపదం చేతులు కలిపినట్లు వినిపిస్తుంది. ధనుర్మాసమంతా వాకిట వేసే బియ్యప్పిండి ముగ్గును చీమలు, పిచ్చుకలు మధ్యాహ్నానికల్లా ఆరగించడం సరేసరి. సున్నపు ముగ్గుతో వాకిలి తెల్లగా ఉంటుంది గాని ఎవరికీ అన్నం దొరకదు.

కోత ముగిసిన చేలో రాలిన కంకులు ఎవరివి? తెలుగునాట వాటికి ‘పరిగె’ అని పేరు. పరిగె ఏరుకునే హక్కు పేదలది. దాన్ని అడ్డుకునే రైతును ఊరు హర్షించదు. సంస్కృతంలో ఈ వృత్తికి శిలోంఛం అని పేరు. విడిచిన కంకులను ఏరుకోవడం శిలం, రాలిన గింజలను ఒక్కొక్కటిగా ఏరుకోవడం ఉంఛం. మనువు దీన్ని ‘ఋతం’ అని పిలిచి, బ్రాహ్మణుని జీవనోపాయాలలో అగ్రస్థానమిచ్చాడు. మహాభారత అశ్వమేధపర్వంలో ధర్మరాజు యాగాన్ని ఒక ముంగిస తేలిక చేసి మాట్లాడుతుంది. అది సాటిచెప్పిన సక్తుప్రస్థుడు కురుక్షేత్రంలో పావురం వలె గింజలేరుకొని జీవించినవాడు. కరువునాట దొరికిన కొద్దిపాటి పేలపిండిని భార్యా పుత్రుడు కోడలితో సహా తన భాగం విడిచి అతిథికిచ్చాడు. ఆ కథలో ఆదర్శగృహస్థుడు పక్షిని అనుకరిస్తున్నాడు. శాంతిపర్వంలో భీష్ముడు చెప్పిన కపోతోపాఖ్యానంలో పక్షియే గృహస్థుడవుతుంది: తన భార్యను పంజరంలో బంధించిన వేటగాడు చలికి వణుకుతూ చెట్టు క్రిందికి వస్తే, మగపావురం చితుకులు తెచ్చి మంట వేసి, అతిథికి పెట్టడానికి మరేమీ లేక తానే ఆ మంటలో దూకుతుంది. ఈ ఇతిహాసకర్తల దృష్టిలో పక్షికీ గృహస్థునికీ మధ్య గీసిన గీత చాలా పలుచనిది.

వడిసెల ప్రశ్నకు ఇక్కడ తిరిగి రావలసి ఉన్నది. పదకొండవ శతాబ్దంలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో, రాజమహేంద్రవరంలో, నన్నయ భట్టారకుడు మహాభారతాన్ని తెలుగు చేయడం ప్రారంభించాడు. ఆ మహాభారతంలోని అరణ్యపర్వంలో, తీర్థయాత్రా ప్రకరణంలో డేగ, పావురాల కథ ఉన్నది. ఇంద్రుడు డేగగా, అగ్ని పావురంగా రాజును పరీక్షించడానికి వచ్చారు. జనం ఈ కథను శరణాగతరక్షణకు దృష్టాంతంగా చెప్పుకొంటారు. అది నిజమే గాని, కథలోని బలం డేగ వాదంలో ఉన్నది. ‘ఈ పావురం నా ఆహారం. దీన్ని కాపాడి నన్నూ నా భార్యాపిల్లలనూ చంపుతావా? ఒక ధర్మానికి అడ్డువచ్చేది ధర్మమెట్లా అవుతుంది?’ అన్న భావంతో అది రాజును నిలదీస్తుంది. రాజు ఆ వాదాన్ని త్రోసిపుచ్చలేదు. డేగకు భాగం ఉన్నదని ఒప్పుకున్నాడు. వేరొక జంతువు మాంసం ఇవ్వజూపి, అది కుదరక, చివరకు తన తొడ కోసి తూచాడు. మరొకరి భాగాన్ని తీసి ఇంకొకరికి ఇవ్వడం సులభం. ఇచ్చేవాడు తన భాగంలోంచి ఇచ్చినప్పుడే లెక్క సరిపోతుందని ఆ త్రాసు చెబుతున్నది.

మంచె మీది రైతు కూడా ఈ లెక్కనే పాటించాడు. పొలంలో పండేది అతడొక్కనిది కాదు. అందులో రాజభాగం, దేవభాగం, చాకలి మంగలి మొదలైన వృత్తులవారి మేర, కూలివారి పాళ్ళు, పశువుల గడ్డి కలిసి ఉన్నాయి. లెక్క తేలకముందే పిట్టల గుంపు దిగితే అందరి భాగమూ పోతుంది. కనుక తరిమాడు. లెక్క తేలి, తన ధాన్యం తన ఇంటికి చేరిన తరువాత, తన భాగంలోంచి మేలైన కంకులు తీసి కట్టాడు. పొలంలో పక్షి చోరుడు, చూరు క్రింద భాగి. పిలుపు లేని చోట తరిమి, తన చోట పిలిచి పెట్టడంలో వైరుధ్యమేమీ లేదు. తాలుగింజల కంకులతో కుచ్చు కట్టరాదన్న పెద్దల మాట కూడా దీనికి చెందినదే. తాను తినలేనిదాన్ని పెట్టడం విసర్జన మాత్రమే.

పైగా పక్షి కేవలం గింజ తినదు. ఊరపిచ్చుక తన పిల్లలకు తొలిదినాలలో పెట్టేది ప్రధానంగా పురుగులనే. ఈ సంగతిని ప్రపంచం ఒక పెద్ద విషాదం ద్వారా తెలుసుకున్నది. 1958లో చైనా ప్రభుత్వం ఎలుకలు, ఈగలు, దోమలతో పాటు పిచ్చుకలను కూడా ప్రజాశత్రువులుగా ప్రకటించింది. జనం పళ్ళేలు వాయించి, ఎక్కడా వాలనీయక, అలసి నేల రాలేవరకు వాటిని తరిమారు. పిచ్చుకలు పోగానే పురుగులు విజృంభించాయి. 1960లో ఆ జాబితా నుంచి పిచ్చుకను తీసి నల్లిని చేర్చారు. ఆ దేశంలో అప్పుడు వచ్చిన మహాక్షామానికి కారణాలు అనేకం. పిచ్చుకల వధ వాటిలో ఒకటి. మంచె మీది రైతు కూడా కేకలు వేశాడు, డబ్బా వాయించాడు. అయితే పక్షిజాతిని నిర్మూలించాలన్న ఊహ అతనికి రాలేదు. మనుస్మృతి పంచమాధ్యాయం తినరాని పక్షులలో కలవింకాన్ని, అనగా ఊరపిచ్చుకను, పేర్కొన్నది. ఇంటి చూరులో కాపురముండే ప్రాణిని తినరాదన్న నిషేధం కొత్తగా వివరించనక్కరలేనిది.

చూరు దాటి చెరువు గట్టుకు వెళితే ఈ భాగచరిత్ర మరింత చేదుగా మారుతుంది. గోదావరీ కృష్ణా డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు సరస్సులో గూడబాతులకు ఎవరూ అన్నం పెట్టలేదు. సరస్సే వాటికి పెట్టింది. దక్షిణభారతంలో గూడబాతులు గ్రామాల నడిమి చెట్ల మీద, మనుష్యుల సందడికి బెదరక, తరతరాలుగా గూళ్ళు కట్టుకునేవని పందొమ్మిదవ శతాబ్దపు పక్షిశాస్త్రజ్ఞుడు జెర్డన్ కర్ణాటక దేశంలో తాను చూసిన ఒక ఊరిని గురించి వ్రాశాడు. ఉత్తరాంధ్రలోని తేలినీలాపురం గ్రామస్థులు నేటికీ ఆ పక్షుల రాకను శుభంగా భావించి కాపాడుతున్నారు. కొల్లేటి పరిసరాల గూడబాతుల మహాస్థావరాన్ని 1946లో కె.కె. నీలకంఠన్ గుర్తించాడు. ‘ఇందుచూడన్’ అన్న పేరుతో మలయాళంలో పక్షుల గురించి వ్రాసిన విద్వాంసుడితడే. ఆనాడు దాదాపు 3,000 గూడబాతులు అక్కడ గూళ్ళు కట్టుకొని ఉన్నాయి. సుమారు 1975 నాటికి ఆ స్థావరం అంతరించింది.

తరువాతి దశాబ్దాలలో కొల్లేరు చేపల చెరువులుగా ఖండఖండాలైంది. 1999లో ప్రభుత్వం దాన్ని అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు వచ్చింది. 2006లో అభయారణ్యం లోపలి చెరువుల గట్లను తొలగించే కార్యక్రమం జరిగింది. ఆ గట్ల తొలగింపు వల్ల జీవనోపాధి కోల్పోయామన్న పేదల వేదనను తేలికగా తీసిపారవేయరాదు. డేగ వాదం వారి పక్షాన కూడా ఉన్నది. సరస్సు ఉమ్మడిగా ఉన్నంతకాలం పక్షి తిన్న చేపను ఎవరూ లెక్కించలేదు. గట్టు వేసి, పిల్లచేపలు కొని, మేత పోసినవానికి అదే పక్షి చోరుడుగా కనిపించింది. భాగం అన్నది ఉమ్మడి సొత్తు ఉన్నచోటనే సహజంగా నిలుస్తుంది. సొత్తు విభక్తమైనప్పుడు భాగాన్ని ఎవరో ఒకరు పూనికతో నిర్ణయించి ఇవ్వవలసి వస్తుంది. కైకలూరు సమీపాన ఆటపాక పక్షికేంద్రంలో గూడబాతులు గూళ్ళు కట్టుకోవడానికి చెట్లు చాలక అటవీశాఖ ఇనుప మంచెలు నిలిపింది. తరమడానికి కట్టే మంచె అక్కడ పిలవడానికి కట్టిన మంచె అయింది. గూడబాతులు దాన్ని అంగీకరించాయి, వందల సంఖ్యలో సంసారాలు సాగిస్తున్నాయి.

ఊరపిచ్చుక విషయంలో అటువంటి అంగీకారం ఇంకా పూర్తిగా కుదరలేదు. 2010 నుంచి ప్రతి సంవత్సరం మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం జరుపుకుంటున్నారు. ఒక ప్రాణికి దినం కేటాయించవలసి వచ్చిందంటేనే దాని స్థితి బోధపడుతుంది. తాటాకు ఇల్లు, పెంకుటిల్లు, మండువా లోగిలి పోయి కాంక్రీటు కప్పు వచ్చింది. చూరు లేని ఇంట పిచ్చుకకు గూడు లేదు. పురుగుమందుల వల్ల దాని పిల్లలకు ఆహారం కరవైంది. మరొకవైపు వరికుచ్చు మాత్రం పట్టణాలలో క్రొత్తగా ఆదరణ పొందుతున్నది. సంక్రాంతి నాటికి అంగళ్ళలో అమ్ముతున్నారు, దూరదేశాలకు పంపుతున్నారు, పడకగదిలో, అతిథుల గదిలో శోభకోసం కడుతున్నారు. కిటికీలు మూసిన గదిలో ఏడాది తరువాత కూడా ఒక్క గింజ తగ్గని కుచ్చును చూసి ముచ్చటపడేవారున్నారు. భోక్త లేని నైవేద్యమది. నార్వే, స్వీడన్ దేశాలలో కూడా క్రిస్మస్ రోజులలో ఓట్ల పనను కర్రకు కట్టి మంచులో పక్షుల కోసం నిలిపే ఆచారం ఉన్నది. వారు దాన్ని ఇంటి వెలుపలనే నిలుపుతారు.

కుచ్చు భూతయజ్ఞంగా నిలవాలంటే దానితోపాటు మరికొన్ని సమకూరాలి. పెరటిలో రెండు జామచెట్లు, ఒక కరివేప, కంచె వెంట పొద ఉంటే పురుగులుంటాయి, పురుగులుంటే పిచ్చుక పిల్ల బ్రతుకుతుంది. కాంక్రీటు గోడకు అరచేయంత చెక్కపెట్టె బిగిస్తే చూరు లేని లోటు కొంత తీరుతుంది. చైత్ర వైశాఖాలలో తులసికోట ప్రక్కన నిస్సారపు మట్టిమూకుడులో నీరు పోసి, దినదినమూ కడిగి మార్చితే అదే పక్షుల చలివేంద్రం. మనుష్యులకు చలివేంద్రం పెట్టడాన్ని ప్రపాదానమని ధర్మశాస్త్రాలు కొనియాడాయి. హోమద్రవ్యంలో క్షారలవణాలు కలవరాదని ఆపస్తంబుడు నియమించాడు. ఉప్పు, కారం, నూనె కలిసిన పదార్థాలు పిట్టలకు పెట్టరాదని నేటి పక్షిశాస్త్రజ్ఞులూ చెబుతున్నారు. ఇంటి లోపల కొనుక్కొని కట్టిన కుచ్చునైనా పండుగ వెళ్ళిన మరునాడు తీసి, పిల్లి అందుకోలేని ఎత్తున బాల్కనీ చూరుకు కట్టవచ్చు. రంగు, వార్నిషు పూసినది మాత్రం కట్టరాదు.

పల్లెలో ఇప్పుడు మరొక చిక్కు వచ్చింది. వరికోత యంత్రం చేలోకి దిగితే కోత, నూర్పిడి ఒకేసారి పూర్తయి గింజలు బస్తాలోకి, నలిగిన గడ్డి నేలమీదికి పోతాయి. పనలు లేవు, కుప్ప లేదు, కళ్ళం లేదు, పరిగె కూడా పలుచబడింది. కుచ్చుకు కావలసిన పొడవాటి గడ్డితో కూడిన కంకి యంత్రం నుంచి రాదు. కనుక కుచ్చు కట్టదలచిన రైతు యంత్రం రాకముందే చేనిగట్టు వారన కొన్ని పిడికెళ్ళు కొడవలితో కోసి వేరుగా ఉంచుకోవాలి. గింజ గట్టిపడి బంగారువన్నె తిరగాలి గాని, ముట్టుకుంటే రాలేటంత పండరాదు. నీడన ఆరవేసి, అల్లేముందు గడ్డి విరగకుండా నీళ్ళు చిలకరించి, మధ్య నుంచి ప్రారంభించి వరుస వెంట వరుసగా కంకులు కలుపుతూ అల్లుతారు. చివరి వరుస బిగించిన తరువాత గడ్డి కొసలను పైకి మలచి కట్టే ముడి, పిచ్చుకలు గుంపుగా వ్రేలాడినా ఊడనంత గట్టిగా ఉండాలి.